లె పెట్టాలా, లుయి పెట్టాలా? ఫ్రెంచ్‌లో 'వాణ్ణి', 'వాడికి' దగ్గర బండి ఆగిపోయింది

కావలి_కెరటం

ఐదు నెలలుగా ఆన్‌లైన్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్నా. మావారు మాంట్రియల్‌లో ఉన్నారు. నేను టెఫ్ కెనడా (కెనడా వెళ్ళడానికి రాసే ఫ్రెంచ్ పరీక్ష) రాసి ఎన్‌సీఎల్‌సీ 7 (కెనడాలో ఫ్రెంచ్ స్థాయిని కొలిచే మెట్టు) తెచ్చుకోవాలి. భూతకాలం దాకా బాగానే వచ్చింది. ఆబ్జెక్ట్ ప్రొనౌన్ల (కర్మ చోట వచ్చే సర్వనామాల) దగ్గరికి వచ్చేసరికి ఎటూ కదలడం లేదు.

మా క్లాసులో ఒక సూత్రం చెప్పారు. క్రియని పట్టుకుని 'ఎవర్ని?' అని అడిగితే లె (వాణ్ణి), లా (ఆమెని), లే (వాళ్ళని). 'ఎవరికి?' అని అడిగితే లుయి (వాడికైనా ఆమెకైనా ఇదే), లర్ (వాళ్ళకి). అబ్బ, ఎంత తేలిక అనుకున్నా. నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీసి రెండు వరుసలు రాసుకున్నా. చూశాను, పిలిచాను, నమ్మాను ఒక పక్క. చెప్పాను, రాశాను, ఇచ్చాను, ఫోన్ చేశాను ఇంకో పక్క. పది క్రియలు వేసి చూస్తే పదీ సరిపోయాయి.

నిన్న మాక్ టెస్టులో రెండు వందల మాటల ఉత్తరం రాశా. 'మా అత్తయ్యకి వంటలో సాయం చేస్తాను' అనడానికి 'జె లుయి ఎద్' అని రాశా. ఎర్ర గీత. 'మామయ్యని అడుగుతాను' అనడానికి 'జె లె దమాఁద్' అని రాశా. ఇంకో ఎర్ర గీత. అత్తయ్య'కి' కదా, మామయ్య'ని' కదా, సూత్రం ప్రకారమే కదా రాశాను అని అడిగితే, 'అవి అంతే అమ్మా, బట్టీ పట్టుకోండి' అన్నారు. అంతే అయితే సూత్రం ఎందుకు చెప్పినట్టు? రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంక ఏ వాక్యం రాయాలన్నా చెయ్యి ఆగిపోతోంది. ఎట్టా నేర్చుకున్నారో ఎవరైనా చెప్పండి.

ఒంగోలు_గిత్త

ప్రశ్న తెలుగులో వేసి జవాబు ఫ్రెంచ్‌లో రావాలంటే ఎట్టా వస్తుంది? 'ఎవర్ని, ఎవరికి' అనేది తెలుగు క్రియ అడిగే ప్రశ్న. ఫ్రెంచ్ క్రియని ఫ్రెంచ్‌లోనే అడగాలి.

నేను క్రియని ఒంటరిగా రాసుకోను. సాయం చేయడం అంటే 'ఎదే కెల్కఁ', అంటే ఎదే పక్కనే మనిషి, మధ్యలో ఏమీ లేదు. అడగడం అంటే 'దమాఁదే ఆ కెల్కఁ', మధ్యలో 'ఆ' ఉంది. మధ్యలో 'ఆ' ఉంటే లుయి, లేకపోతే లె. తెలుగుని మధ్యలోకి తేవద్దు. అలవాటయ్యాక ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.

చేపలపులుసు

'ఆ' అంటే అవునా, అక్షరమా?

ఒంగోలు_గిత్త

అది ఒక చిన్న మాట, మన 'కి' లాంటిది. ముక్కుతో పలికే 'ఆఁ' వేరే ఉంది, దాని సంగతి తర్వాత. అరసున్నా చూసుకుని చదువు.

చేపలపులుసు

బడిలో అరసున్నా దేనికని మా తెలుగు మాస్టారిని అడిగితే చెవి మెలిపెట్టారు. ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

పెన్నాగట్టు

గిత్త అన్నతో సగం ఒప్పుకుంటా. కానీ తెలుగుని పక్కన పెట్టేస్తే మనం ఎక్కడికి వెళ్తామో చూడండి, నేరుగా ఇంగ్లిష్‌లోకి. నేను నెల్లూరులో అట్టాగే మొదలుపెట్టి ఏడాది పాడు చేసుకున్నా. ఇంగ్లిష్‌లో సాయం చేసినా, అడిగినా, ఫోన్ చేసినా, చూసినా అన్నిటికీ 'హిమ్' ఒక్కటే. రెంటికీ తేడా చూపే గుర్తే లేదు. తెలుగులో కనీసం ద్వితీయా విభక్తి 'ని', చతుర్థి 'కి' రెండూ విడివిడిగా ఉన్నాయి. పదింట ఎనిమిది సార్లు అవి దారి చూపిస్తాయి. మిగతా రెంటికోసం మొత్తం పారేయడం ఎందుకు?

మార్కాపురం_పలక

ఆ ఎనిమిది, రెండు లెక్క ఎక్కడిది అన్నా?

పెన్నాగట్టు

మాట వరసకి అన్నాను తమ్ముడూ. లెక్క పెట్టలేదు.

కందుకూరు_పంతులు

పెన్నాగట్టు గారు ఒకచోట పొరపడ్డారు. 'కి' చతుర్థి కాదు. మనం బడిలో వల్లె వేసిన పట్టిక గుర్తు తెచ్చుకోండి. నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి. కొఱకున్, కై చతుర్థి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠి. మన వ్యాకరణంలో కి, కు ప్రత్యయాలు షష్ఠిలో ఉన్నాయి. సంస్కృతంలో 'రామాయ' అనేది చతుర్థి కాబట్టి దాని అర్థం చూసి 'రామునికి' కూడా చతుర్థే అనుకుంటారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ప్రతి ఏడూ ఈ తప్పు దిద్దాను.

నాకు ఫ్రెంచ్ రాదు. మా మనవరాలు చెన్నైలో నేర్చుకుంటోంది, దాని పక్కన కూర్చుని వింటుంటా. ఒక సంగతి అడుగుతా. 'వాళ్ళకి' అనడానికి లర్ అంటుంది, 'వాళ్ళ ఇల్లు' అనడానికి కూడా లర్ మెజోఁ అంటుంది. నేను సరిగ్గానే విన్నానా? రెండూ ఒకటే మాటా?

పెన్నాగట్టు

మాస్టారూ, తప్పు ఒప్పుకున్నా. ఇన్నేళ్ళూ చతుర్థి అనే అనుకుంటున్నా.

యానాం_కోడలు

పుట్టింది గూడూరులో, మెట్టింది యానాంలో. ఫ్రెంచ్ ఎం.ఏ. చేశాను కాబట్టి ఈ మాట నేను చెప్తా.

మాస్టారు సరిగ్గానే విన్నారు. రెండూ ఒకటే మాట. లర్ అనేది లాటిన్‌లోని 'ఇల్లోరుమ్' నుంచి వచ్చింది. 'ఇల్లోరుమ్' అంటే 'వాళ్ళ యొక్క', అచ్చంగా షష్ఠీ బహువచనం. అదే మాట ఫ్రెంచ్‌లో 'వాళ్ళకి', 'వాళ్ళ' రెండు పనులూ చేస్తోంది. మన పట్టికలో కి, కు, యొక్క మూడూ ఒక్క వరుసలో ఉన్నట్టే. రెండు భాషలకీ చుట్టరికం ఏమీ లేదు. అయినా మాస్టారు చెప్పిన పట్టిక చదివాక నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళు ఫ్రెంచ్ చదివి ఈ పోలిక ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. లాటిన్‌లో నామవాచకాలకి విభక్తులు ఉండేవి. ఫ్రెంచ్‌కి వచ్చేసరికి అవన్నీ రాలిపోయాయి. 'పియేర్' అనే పేరు కర్తగా ఉన్నా కర్మగా ఉన్నా మారదు. విభక్తి జాడ మిగిలింది సర్వనామాల్లోనే. ఇల్ (వాడు), లె (వాణ్ణి), లుయి (వాడికి). ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు కంగారు పడేది ఇక్కడే. మనకి కొత్త కాకూడదు, 'వాడు, వాణ్ణి, వాడికి' అని పుట్టినప్పటినుంచీ అంటూనే ఉన్నాం.

ఒంగోలు_గిత్త

చరిత్ర బాగుంది అక్కా. కానీ ఆవిడ పరీక్షలో 'అడగడం' తప్పింది. దానికి లాటిన్ ఏం చెప్తుంది?

యానాం_కోడలు

దానికి లాటిన్ అక్కర్లేదు, 'అడుగు' క్రియనే దగ్గరగా చూస్తే చాలు. 'మామయ్యని డబ్బులు అడిగాను.' ఇందులో కర్మలు రెండు. డబ్బులు ఒకటి, మామయ్య ఇంకొకటి. తెలుగులో డబ్బులు ప్రత్యయం లేకుండా నిలబడతాయి, ప్రాణం లేనివాటికి 'ని' పెట్టకపోయినా చెల్లుతుంది కదా. మామయ్యకి 'ని' వస్తుంది. ఫ్రెంచ్ ఈ ఇద్దరిలో ఒకరినే డైరెక్ట్‌గా, అంటే 'ఆ' లేకుండా, ఒప్పుకుంటుంది. ఆ చోటు డబ్బులకి ఇచ్చేసింది. ఇంక మామయ్య 'ఆ' పట్టుకుని రావాల్సిందే. కాబట్టి జె లుయి దమాఁద్. రెండూ సర్వనామాలైతే 'జె లె లుయి దమాఁద్', దాన్ని ఆయన్ని అడుగుతున్నా అని.

ఇచ్చేటప్పుడు, చెప్పేటప్పుడు కూడా ఇదే లెక్క. ఇచ్చే వస్తువు డైరెక్ట్, పుచ్చుకునే మనిషి ఇన్‌డైరెక్ట్. అడగడాన్ని తిరగేసిన ఇవ్వడం అనుకోండి, తేలికవుతుంది.

కావలి_కెరటం

అక్కా, ఇది నాకు ఎవ్వరూ చెప్పలేదు. డబ్బుల చోటు డబ్బులు తీసుకున్నాయి, మామయ్యకి చోటు లేదు. ఇంక మర్చిపోను.

మరి సాయం చేయడం? అక్కడ 'అత్తయ్యకి' అంటాం కదా.

యానాం_కోడలు

అక్కడ మన తెలుగులోనే కిటుకు ఉంది. 'సాయం చేయడం'లో 'సాయం' అనే నామవాచకం ఇప్పటికే కర్మ చోటులో కూర్చుంది. అందుకని మనిషి 'కి' తెచ్చుకోవాల్సి వచ్చింది. ఫ్రెంచ్‌లో ఎదే ఒకటే మాట, చోటు ఖాళీగా ఉంది. మనిషి నేరుగా వచ్చి కూర్చుంటాడు. జె లెద్ అంటే సరి. లె లోని అచ్చు పోయి ఎద్‌తో కలిసింది, మన సంధి లాగే.

'థాంక్స్ చెప్పడం', 'నమస్కారం పెట్టడం' కూడా అంతే. మనకి రెండేసి మాటలు, వాళ్ళకి ఒకటే. జె లె రెమెర్సి, జె లె సల్యు. రెండూ డైరెక్టే.

ఉదయగిరి_కొయ్యచెంచా

అంటే తెలుగు క్రియ 'చేయు, చెప్పు, పెట్టు'తో అతికించిన రెండు ముక్కల మాట అయితే 'కి'ని నమ్మకూడదన్నమాట.

ఒంగోలు_గిత్త

అయ్యో, 'ఫోన్ చేయడం' రెండు ముక్కల మాటే. తెలెఫోనే మాత్రం 'ఆ' అడుగుతుంది. జె లుయి తెలెఫోన్. సూత్రం పెట్టిన ఐదు నిమిషాలకే విరిగిపోయింది. అందుకే మొదటినుంచీ చెప్తున్నా, క్రియనీ 'ఆ'నీ కలిపి రాసుకోండి అని.

యానాం_కోడలు

గిత్త తమ్ముడు అన్నది నిజం. నేను చెప్పింది ఎందుకు తేడా వస్తుందో తెలియడానికే, ఎక్కడ వస్తుందో ముందే చెప్పే మంత్రం కాదు. కారణం తెలిస్తే బట్టీ పట్టింది నిలబడుతుంది, అంతవరకే.

కందుకూరు_పంతులు

అమ్మా, 'నమస్కారం పెట్టు' గురించి మీరు చెప్పింది చక్కగా ఉంది. 'నమస్కరించు' అన్నా కూడా మనం 'గురువుకి నమస్కరించాను' అనే అంటాం. అది ఒకటే మాట. అక్కడ ఏం చెప్తారు?

యానాం_కోడలు

మాస్టారూ, అక్కడ నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

ఒంగోలు_గిత్త

మాస్టారూ, 2022లో మీ కందుకూరు మా ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్ళింది. ఊరు అక్కడే ఉంది, కాయితంలో జిల్లా మారింది. క్రియలూ అంతే, భాష మారితే జిల్లా మారుతుంది. ఏది ఏ జిల్లానో గుర్తు పెట్టుకోవాల్సిందే.

కందుకూరు_పంతులు

ఈ ఉపమానం క్లాసులో వాడుకునే వాణ్ణి, రిటైర్ అయ్యాక దొరికింది.

మార్కాపురం_పలక

తేడా వచ్చేవి ఎన్ని ఉంటాయి? వందలు ఉంటే నేను జర్మన్‌కి వెళ్ళిపోతా.

పెన్నాగట్టు

జర్మన్‌లో ఇంకా ఉన్నాయి, వెళ్ళకు. రోజువారీ మాటల్లో కొన్నే. నేను రెండు వాక్యాలు కట్టుకున్నా, అవే నన్ను కాపాడాయి.

'సాయం చేసినాయనకి దండం పెట్టి థాంక్స్ చెప్పు.' తెలుగులో అంతా 'కి', ఫ్రెంచ్‌లో మూడూ డైరెక్ట్.

'నాన్నని పోలినవాణ్ణి దారి అడుగు, తప్పు చెప్తే వాణ్ణి క్షమించు.' తెలుగులో అంతా 'ని', ఫ్రెంచ్‌లో మూడూ 'ఆ'. ఇల్ లుయి రెసాఁబ్ల్, జె లుయి దమాఁద్, జె లుయి పార్దొన్.

ఇంకో గుంపు ఉంది. మనం 'కోసం', 'వెంట', 'వైపు' అంటాం. వాడి కోసం ఎదురు చూశా, వాడి కోసం వెతికా, వాడి వెంట వెళ్ళా, వాడి వైపు చూశా. ఫ్రెంచ్‌లో ఇవన్నీ నేరుగా లె. అతాఁద్ర్, షెర్షే, స్వివ్ర్, రెగార్దే. ఏ చిన్న మాటా వద్దు. 'ఆయన మాట విన్నా' కూడా అంతే, ఎకుతే డైరెక్ట్. కానీ మాట వినడం అంటే చెప్పినట్టు చేయడం అయితే అది ఒబెయీర్, దానికి 'ఆ' కావాలి. మన పిల్లలు మొదటిది చేస్తారు, రెండోది చేయరు.

చేపలపులుసు

మా వాడు మొదటిది కూడా చేయడు.

మాంట్రియల్_నెల్లూరోడు

ఆలస్యంగా చూశా. మూలాపేట మాది, తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా. కావలి చెల్లెమ్మ టెన్షన్ చూస్తుంటే నా మొదటి చలికాలం గుర్తొచ్చింది. రెండు అనుభవాలు రాస్తా, ఓపికగా చదవండి.

మొదటిది చేపల కొట్టులో. వచ్చిన కొత్తలో పులుసు తినాలని నాలుక పీకేస్తుంటే వెళ్ళా. మంచు ముక్కల మీద పళ్ళెంలో రొయ్యలు పేర్చి ఉన్నాయి, పెద్దవి, తలలతో సహా. ఆయన 'వుజాఁ వులే కోఁబియేఁ?' అన్నాడు, ఎన్ని కావాలి అని. నాకు లే గట్టిగా వచ్చు. 'జె లే ప్రాఁ' అన్నా, తీసుకుంటా అనే ఉద్దేశంతో. ఆయన పళ్ళెం ఎత్తి మొత్తం సంచిలోకి వంచేస్తున్నాడు! 'లే' అంటే 'వాటిని', అంటే ఎదురుగా ఉన్నవాటిని, అన్నీ. 'కొన్ని' కావాలంటే అక్కడ 'ఆఁ' రావాలి. 'జాఁ ప్రాఁ వేఁ', ఇరవై తీసుకుంటా. ఆయన ప్రశ్నలోనే 'ఆఁ' ఉంది, నేను వినిపించుకోలేదు.

మనకి ఇది ఎందుకు తట్టదో తర్వాత అర్థమైంది. తెలుగులో 'ఎన్ని కావాలి?' అంటే 'ఇరవై' అంటాం, 'తీసుకుంటా' అంటాం. మధ్యలో సర్వనామమే రాదు. 'అన్నదమ్ములు ఎంతమంది?' అంటే 'ఇద్దరున్నారు'. ఫ్రెంచ్‌లో 'జాఁ నే దో' అనాలి. అంకె ఒక్కటే చెప్పి క్రియ పెడితే కుంటి వాక్యం అవుతుంది. మనం తెలుగులో పలకని మాట అది, అందుకే నోటికి రాదు. లె, లుయి తేడా అయినా మనకి ఏదో ఒక రూపంలో ఉంది. 'ఆఁ'కి మనకి చోటే లేదు. చెల్లెమ్మా, నువ్వు లుయి గురించి నిద్ర పాడుచేసుకుంటున్నావు, అసలు కష్టం ఇక్కడుంది.

రెండోది మా ఇంటి ఓనరమ్మతో. పెద్దావిడ, ఒంటరిగా ఉండేది. జనవరిలో నా మొహం చూసి ఏమైందని అడిగింది. అమ్మ గుర్తొస్తోంది అని చెప్పాలి. ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో పెట్టుకుని, 'ఐ మిస్ హర్' కదా అని 'జె లుయి మాఁక్' అన్నా. ఆవిడ కళ్ళు తుడుచుకుని 'పాపం, మీ అమ్మ బెంగ పెట్టుకుందా' అంది. నేను చెప్పింది తిరగబడింది. 'నేను లేక ఆమెకి లోటుగా ఉంది' అని దాని అర్థం. అనాల్సింది 'మా మేర్ మె మాఁక్'.

ఇప్పుడు ఆ వాక్యాన్ని తెలుగులో చూడండి. 'అమ్మ నాకు గుర్తొస్తోంది.' అమ్మ కర్త, నాకు 'కి'. మా మేర్, మె, మాఁక్. మాటకి మాట అదే వరుస! ఇంగ్లిష్ దారిలో వెళ్ళి తిరగేశా, తెలుగులో అనుకుని ఉంటే మొదటిసారే సరిగ్గా వచ్చేది. అట్టాంటివి ఇంకా ఉన్నాయి. 'నాకు నచ్చింది' అంటే సా మె ప్లే. 'నాకు రెండు కిలోలు కావాలి' అంటే ఇల్ మె ఫో దో కిలో. ఇంగ్లిష్ వాళ్ళు వీటి దగ్గర తల పట్టుకుంటారు. మనకి నాకు నచ్చింది, నాకు కావాలి, నాకు గుర్తొచ్చింది అని రోజంతా అనే మాటలే. గిత్త తమ్ముడూ, తెలుగుని మధ్యలోకి తేవద్దన్నావు, ఇక్కడ మాత్రం తేవాల్సిందే.

ఒంగోలు_గిత్త

అన్నా, ఇది ఒప్పుకుంటున్నా. మాఁకే దగ్గర నేను ఇప్పటికీ ఒక క్షణం ఆగుతా. 'గుర్తొస్తోంది' అనుకుంటే ఆగక్కర్లేదు.

ఉదయగిరి_కొయ్యచెంచా

అమ్మ గుర్తొచ్చింది అంటే సరే. 'అమ్మ గురించి ఆలోచిస్తున్నా' అంటే? పాఁసేకి 'ఆ' ఉంది కాబట్టి 'జె లుయి పాఁస్' అని రాశా, తప్పన్నారు. 'ఆ' ఉంటే లుయి అని గిత్త గారే కదా చెప్పారు.

ఒంగోలు_గిత్త

చెప్పాను. ఇది మినహాయింపు, చెప్పడం మర్చిపోయా, నాదే పొరపాటు. పాఁసే దగ్గర మనిషైతే 'ఆ' అక్కడే ఉంటుంది, 'జె పాఁస్ ఆ ఎల్'. వస్తువో విషయమో అయితే 'ఇ' అనే మాట వస్తుంది, 'జి పాఁస్', దాని గురించి ఆలోచిస్తున్నా.

యానాం_కోడలు

దానికో గుర్తు చెప్తా. లుయి తీసుకునే క్రియల్లో ఎక్కువ భాగం అవతలి మనిషికి ఏదో చేరుతుంది. మాట చేరుతుంది, ఉత్తరం చేరుతుంది, ఫోన్ చేరుతుంది, డబ్బు చేరుతుంది. మనం మనసులో ఆలోచిస్తే అవతలివాళ్ళకి ఏమీ చేరదు. అందుకే పాఁసే ఆ గుంపులో కలవదు. పోలిక ఉండటం (రెసాఁబ్లే) లాంటివి ఈ గుర్తుకి లొంగవు, అట్టాంటివి విడిగా పెట్టుకోండి. మనసు పడటం, ఆసక్తి ఉండటం (సేఁతెరెసే ఆ) కూడా పాఁసే లాగే.

మాస్టారూ, మీ పట్టికలో 'గురించి' ద్వితీయలో ఉంది కదా. దాన్ని చూసి పాఁసేకి లె పెట్టే పిల్లలు కూడా ఉంటారు జాగ్రత్త.

కందుకూరు_పంతులు

మా మనవరాలికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. 'లుయి తెలెఫోనే' అని నాకే నేర్పుతోంది.

మార్కాపురం_పలక

నన్ను, నాకు తేడా ఎవరూ చెప్పలేదేంటి?

పెన్నాగట్టు

తేడా లేదు కాబట్టి. నన్నుకీ నాకుకీ మె, నిన్నుకీ నీకుకీ తె, మమ్మల్నికీ మాకుకీ ను, మిమ్మల్నికీ మీకుకీ వు. గొడవంతా మూడో మనిషి దగ్గరే. మొదటి వారం నీ గురించి, ఎదుటివాళ్ళ గురించే మాట్లాడు, హాయిగా ఉంటుంది.

యానాం_కోడలు

పలకడంలో తేడా లేదు, రాయడంలో ఉంది! కావలి అమ్మాయి రాత పరీక్షకి వెళ్తోంది కాబట్టి ఇది చెప్పకుండా వదలకూడదు. 'ఆయన నాకు సాయం చేశారు' అని ఆడవాళ్ళు రాస్తే ఎదే చివర ఇంకో 'ఈ' అక్షరం చేర్చాలి, ఎందుకంటే మె ఇక్కడ డైరెక్ట్, క్రియకి ముందే వచ్చింది. 'ఆయన నాతో మాట్లాడారు' అని రాస్తే పార్లే చివర చేర్చకూడదు, మె ఇక్కడ ఇన్‌డైరెక్ట్. చెవికి రెండూ ఒకేలా ఉంటాయి. చెవికి తెలిసేవీ కొన్ని ఉన్నాయి. తాళంచెవి ఫ్రెంచ్‌లో స్త్రీలింగం, 'దాన్ని బల్ల మీద పెట్టా' అంటే క్రియ 'మీ' కాదు 'మీజ్' అవుతుంది, 'జె లే మీజ్' (ఈ లే 'వాటిని' కాదు, లా లోని అచ్చు పోయి 'ఏ'తో కలిసింది). 'ఆఁ' ముందు వస్తే మాత్రం ఏమీ చేర్చరు.

కావలి_కెరటం

అయితే నేను నిన్న రాసిన ఉత్తరంలో ఇంకో రెండు తప్పులున్నాయి, దిద్దినవాళ్ళు చూడలేదు. ఇప్పుడే తీసి చూశా. 'మావారు నాకు సాయం చేశారు' దగ్గర ఆ 'ఈ' లేదు.

వరుస గురించి కూడా అడగాలి. రెండు సర్వనామాలు వస్తే ఏది ముందు?

మాంట్రియల్_నెల్లూరోడు

మె, తె, ను, వు వాక్యంలో ఉంటే అవి ముందు. 'ఇల్ మె లె దొన్', నాకు దాన్ని ఇస్తాడు. ఇద్దరూ మూడో మనుషులైతే లె ముందు, లుయి వెనక. 'జె లె లుయి దొన్.' ఇ, ఆఁ ఎప్పుడూ చివర. ఇయ్యి అని చెప్పేటప్పుడు మొత్తం క్రియ వెనక్కి పోతాయి, మె కాస్తా మువా అవుతుంది. 'దొన్-లె-మువా.' ఇక్కడి వీధుల్లో 'దొన్-మువా-లె' అనేవాళ్ళూ దొరుకుతారు, 'లుయి'ని మింగేసి ఇ అనేవాళ్ళూ దొరుకుతారు. వినండి, అర్థం చేసుకోండి, పరీక్షలో మాత్రం రాయొద్దు.

ఇంకో మాట. 'ఫోన్ చేయబోతున్నా' లాంటి రెండు క్రియల వాక్యాల్లో సర్వనామం రెండో క్రియకి ఆనుకుని ఉండాలి. 'జె వే లుయి తెలెఫోనే.' మన తెలుగువాళ్ళం లుయిని లాక్కొచ్చి ముందు పెడుతుంటాం. పరీక్ష మాట్లాడే భాగంలో మొదటిదే ఫోన్ చేసి వివరాలు కనుక్కునే సన్నివేశం, ఈ వాక్యం అక్కడ తప్పకుండా నోట్లోకి వస్తుంది.

ఒంగోలు_గిత్త

చెల్లెమ్మా, ఒక సాయం చెయ్యి. అత్తయ్య, మామయ్య, మావారు అందరూ ఉండేట్టు నాలుగు వాక్యాలు ఇక్కడే రాయి. దిద్దుతాం.

కావలి_కెరటం

రాత్రి పాపని పడుకోబెట్టి రాశా.

మా అత్తయ్య రోజూ వంట చేస్తుంది. జె లెద్. (సాయం చేస్తా.) జె లా రెమెర్సి. (థాంక్స్ చెప్తా.)

మామయ్యని దుకాణం తాళాలు అడగాలి. జె వే లె లుయి దమాఁదే.

మా ఆడపడుచులు ఒంగోలులో ఉంటారు. జె లర్ తెలెఫోన్ ప్రతి ఆదివారం. నోట్‌బుక్‌లో లర్ చివర ఎస్ పెట్టాను, ఇద్దరు కదా.

మావారు మాంట్రియల్‌లో ఉన్నారు. ఇల్ మె మాఁక్.

ఒంగోలు_గిత్త

లర్ చివర ఎస్ తీసెయ్యి. 'వాళ్ళకి' అన్నప్పుడు ఎంతమంది ఉన్నా ఎస్ రాదు. 'వాళ్ళ ఇళ్ళు' అన్నప్పుడే, ఇళ్ళు ఎక్కువైతే వస్తుంది. తాళాలు బహువచనం, అక్కడ లె కాదు లే. 'జె వే లే లుయి దమాఁదే.' మిగతావి అన్నీ కరెక్ట్. లుయి దమాఁదే కరెక్ట్!

యానాం_కోడలు

'జె లెద్'లో లె ఉందా లా ఉందా అని అడగనక్కర్లేదు, అచ్చు ముందు రెండూ ఒకటే అయిపోతాయి. రెమెర్సి దగ్గర లా పెట్టావు చూడు, అది చూసి సంతోషం వేసింది.

కావలి_కెరటం

ఎస్ తీసేశా, లే పెట్టా. పేజీ మధ్య గీత కొట్టేసి, ప్రతి క్రియ పక్కన 'ఆ' ఉందో లేదో రాస్తున్నా. ముప్పై రెండు అయ్యాయి. చివరి వాక్యం రాసేటప్పుడు ఇంగ్లిష్ తలుచుకోలేదు, నేరుగా 'ఆయన నాకు గుర్తొస్తున్నారు' అనుకుని రాసేశా.

చేపలపులుసు

మాంట్రియల్ అన్నా, ఇంతకీ అక్కడ బొమ్మిడాయలు దొరుకుతాయా?

మాంట్రియల్_నెల్లూరోడు

ఇల్ న్యాఁ నా పా. ఇ, ఆఁ రెండూ పక్కపక్కనే ఉన్నాయి చూసుకో. లేవు.